పరజమెరక స్టేషనుకి వచ్చే చేపల గంప

రైల్వేలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, స్టేషను మాస్టరు పని అంటే ఏమిటో చెప్పమంటారు. పచ్చజెండా, ఎర్రజెండా, టిక్కెట్ల కిటికీ అని చెప్పి పంపించెయ్యవచ్చు. ఆ మూడూ ఎవరూ చెప్పకపోయినా వచ్చేస్తాయి. రానిది ఒకటుంది. మనం ఏ ఊళ్ళో బండి ఆపుతున్నామో ఆ ఊరికి మనం ఏమవుతామో తెలుసుకోవడం. అది నేర్పే స్కూలు రైల్వేలో లేదు.

నేను కళ్ళ పరీక్షలో తప్పినవాణ్ణి. దూరాన వెలిగే దీపం ఎరుపో ఆకుపచ్చో చెప్పమంటే, "దీపం ఎక్కడుందండీ?" అన్నాను. యాభై నిండకుండానే ఇంటికి పంపేశారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా వసారాలో కూర్చుని వచ్చినవాళ్ళకి కథలు చెబుతుంటాను. వాటిలో సగం అబద్ధాలని మా ఆవిడ కాఫీ ఇస్తూనే చెప్పేస్తుంది. సగమేనని ఎందుకు మర్యాద చేస్తుందో నాకు తెలియదు. ఈ కింద రాసినదాంట్లో మాత్రం అబద్ధాలు రెండే. ఒకటి దొర టోపీది, రెండోది గూడబాతులది. తక్కినదంతా కూడా అబద్ధమైతే బాగుండునని నాకూ ఉంది.

ఊబి మీద స్టేషను

నా మొదటి పోస్టింగు పరజమెరక. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, కొల్లేటి పల్లంలో ఉండేది. పంతొమ్మిదివందల యాభైల మాట. ఇప్పుడు వెతక్కండి, లేదు. అప్పుడు కూడా దాన్ని స్టేషను అనడానికి కొంచెం దొడ్డ మనసు కావాలి. రెండు గదుల పెంకుటిల్లు, ముందు రేకుల వసారా, ఒక సిమెంటు బెంచీ. ప్లాట్‌ఫారం అంటే పట్టాల పక్కన చదును చేసిన నేల. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే ఒకటి పక్క లైనులో ఆగి రెండోదానికి దారి ఇచ్చేది. వానాకాలంలో మూడు పక్కలా నీళ్ళే. చలికాలంలో పరజ పిట్టలు గుంపులుగా వచ్చి వాలే మెరక కనక ఆ పేరు వచ్చింది.

స్టేషనుకి కూతవేటు దూరంలో చేపలు పట్టేవాళ్ళ పేట ఉండేది. దానికి పెద్ద నాంచారయ్య. సన్నటి మనిషి, తలపాగా లేకుండా ఎప్పుడూ చూడలేదు. ఆ స్టేషను చరిత్ర నాకు చెప్పింది అతనే. ఏ రికార్డులోనూ లేని చరిత్ర.

లైను వేస్తున్నప్పుడు అక్కడ కట్ట నిలవలేదట. పగలంతా పోసిన మట్టిని తెల్లారేసరికి ఊబి మింగేసేది. తెల్లదొర ఇంజినీరు విసుగెత్తి టోపీ తీసి నేలకేసి కొడితే, ఊబి ఆ టోపీని కూడా మింగేసింది. చివరికి నాంచారయ్య తండ్రీ, పేటలో మగవాళ్ళూ కలిసి తమ ఇళ్ళున్న మెరకనే సగానికి తవ్వి, ఆ మట్టిని దోనెల్లో తెచ్చి పోశారు. అది గట్టి మట్టి. నిలిచింది. కట్ట లేచింది, పేట పల్లమైపోయింది. దానికి దొర రెండు మాటలిచ్చాడు. మీ ఊరి పేరున ఇక్కడ స్టేషను పెట్టిస్తాను, మట్టి తీసిన గోతులు మీరే అనుభవించండి అని. కాగితం ఇవ్వలేదు. వీళ్ళు అడగలేదు.

"అదేం, అడగాల్సింది కదా?" అన్నాను.

"బాగుంటుందాండీ?" అన్నాడు నాంచారయ్య. "అంతటోడు మాటిత్తే, కాయితం ఇమ్మంటే ఆయన్ని నమ్మనట్టుంటాది గదండీ."

ఆ గోతుల్నే రైలుగోతులు అనేవారు. వానల్లో కొల్లేటి నీరు పొంగి వాటిలో కలిసేది. నీటితోపాటు కొర్రమీనూ, వాలుగా, మట్టగిడసా, జెల్లా వచ్చి చేరేవి. నీరు వెనక్కి తీసినప్పుడు చేప గోతుల్లోనే ఉండిపోయేది. ఎండలు ముదిరి కొల్లేరు నెర్రెలిచ్చాక పేటకి తిండి పెట్టేది ఆ గోతులే. తక్కిన ఏడాది ఎలాగో గడిచిపోయేది. ఎండాకాలం గోతులు లేకపోతే గడవదు. ఈ కథలో మీరు గుర్తుంచుకోవలసింది ఇదొక్కటే.

గూడబాతుల రిపోర్టు

మా స్టేషను మాస్టరు అనంతం గారు. ఊళ్ళో ఆయన పెద మేస్టరు గారు, నేను చిన మేస్టరు గారు. మా ఇద్దరికీ కింద పాయింట్స్‌మన్ దేవసహాయం. పట్టాలు మార్చేదీ, సిగ్నలు దీపాలు వెలిగించేదీ అతనే. ఆదివారం చర్చి తప్పేవాడు కాదు, అబద్ధం ఆడేవాడు కాదు. అందుచేత స్టేషనుకి అవసరమైన అబద్ధాలన్నీ నేనే ఆడవలసి వచ్చేది.

ఒకసారి సిగ్నలు తీగ ఎండకి సాగి, స్తంభం మీది చెయ్యి దిగక, పాసింజరు స్టేషను బయటే ఆగిపోయింది. ఆలస్యానికి కారణం రాసి పంపమన్నారు. తీగ సాగిందంటే దేవసహాయం చూసుకోలేదని అతని మీద పడుతుంది. కొల్లేటి గూడబాతులు బారులు తీరి తీగ మీద కూర్చున్నాయనీ, ఒక్కొక్కటీ మేకపోతంత ఉందనీ, ఆ బరువుకి తీగ సాగిందనీ రాశాను. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. వరసగా ప్రశ్నలు వచ్చాయి. మొత్తం ఎన్ని పక్షులు? సుమారు బరువెంత? అవి మళ్ళీ వాలకుండా ఏ చర్యలు తీసుకున్నారు? తీగ చూడడానికి ఒక మనిషీ, పక్షుల్ని చూడడానికి ఇంకో మనిషీ వచ్చారు. ఇద్దరికీ కొర్రమీను పులుసు పెట్టి పంపించాం.

ఆ పక్షుల మీద జరిగినంత శ్రద్ధయిన విచారణ నా సర్వీసులో మనుషుల మీద జరగడం నేను చూడలేదు.

స్టేషను గంప

ఏటా గోతుల్లో మొదటి వల వేసినరోజు, పడ్డ చేపల్లో మొదటి గంప స్టేషనుకి వచ్చేది. నేను ఉద్యోగంలో చేరకముందు ఒక పెద్ద తుఫానులో పేట మునిగిపోయిందట. అప్పటి స్టేషను మాస్టరు గదులు రెండూ తెరిచి జనాన్ని లోపల కూర్చోబెట్టి, దారిన పోయే గూడ్సుని ఎర్రజెండా చూపించి ఆపి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ తాడేపల్లిగూడెం చేర్చాడు. ఎవర్నీ అడగలేదు, పై నుంచి ఉత్తరువు లేదు. ఆ ఏటి నుంచి మొదటి గంప స్టేషనుది. స్టేషనుకి గంప వెళ్ళాకే పేటలో పొయ్యి మీద చేపల కూర.

ముందు నాంచారయ్య, వెనక గంప నెత్తిన పెట్టుకుని అతని కోడలు పెద్దింట్లు. ఆవిడ నోరు సెంటరులోని మైకులాంటిది.

"ఏవండీ పెద మేస్టరు గారూ, స్టేషను గంప తెచ్చావండీ."

"ఇంతెందుకయ్యా నాంచారయ్యా, పిల్లలకి ఉంచుకోకపోయారా?" అనేవారు అనంతం గారు. ఏటా అదే మాట.

"తమరి గోతులే గదండీ. తమరు తిన్నాకేనండీ మేవు."

ఈలోగా పెద్దింట్లు వాటాలు వేసేది. "చిన మేస్టరు గారికి ముళ్ళు లేనివి ఏరి పెట్టానండీ. పెళ్ళి కాలేదు గదా, ముళ్ళు తీసి పెట్టే దిక్కు లేదు."

"నా వాటాలో మట్టగిడసలు వెయ్యకమ్మా," అనేవాడు దేవసహాయం. "పోయినేడు గిన్నెలోంచి దూకితే మా ఆవిడ మంచమెక్కి కూసుంది. కూర నేనే వండుకున్నా."

"అయితే ఈసారి ఆవిడికి మంచం కిందేసి పెట్టండి, అలవాటవుద్ది."

తమరి గోతులే అన్న మాట విని మేమెవరమూ నిజమనుకోలేదు. మా వైపు ఎవరింటికి వెళ్ళినా ఇది మీ ఇల్లే అనుకోండి అంటారు. అన్నంత మాత్రాన ఎవరూ పెట్టె సర్దుకుని వచ్చి దిగిపోరు. చెప్పేవాడికీ వినేవాడికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాడు ఒకడు వచ్చేదాకా ఏ ఇబ్బందీ లేదు.

విచారణ

ఏలూరులో చేపల వ్యాపారం చేసే కంట్రాక్టరు ఒకడు పైకి అర్జీ పెట్టాడు. లైను పక్క గోతుల్లో చేపలు పట్టుకునే హక్కుని తక్కిన చోట్ల రైల్వే వేలం వేస్తోంది, పరజమెరకలో ఎందుకు వెయ్యరు అని. పేటవాళ్ళు అవి మావేనన్నారు. తేల్చడానికి ఒక ఆఫీసరు గారు మోటారు ట్రాలీ మీద వచ్చారు.

ఆయన దుర్మార్గుడని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది గానీ, కాదు. చిన్నవాడు, చదువుకున్నవాడు. నాంచారయ్యని బెంచీ మీద కూర్చోమన్నారు. అతను కూర్చోలేదు, అది వేరు సంగతి. పేటంతా వచ్చి వసారా చుట్టూ నిలబడింది.

"ఆ గోతుల్లో చేపలు ఎవరు పడతారు?"

"మేవేనండీ."

"ఎప్పటి నుంచి?"

"లైనేసిన కాణ్ణించీ అండీ. మా నాన్న నాటి నుంచీ."

ఇంతవరకూ బాగానే నడిచింది. ఇన్నేళ్ళుగా తమవని అనుభవిస్తున్నారంటే ఆఫీసరు గారు కూడా ఆలోచించవలసిందే. ఆయన కాగితం తిరగేసి అడిగారు.

"పట్టిన చేపల్లో మొదటి గంప స్టేషనుకి తెస్తారట, నిజమేనా?"

నాంచారయ్య మొహం విచ్చుకుంది. ఇంత పెద్ద ఆఫీసరుకి తమ మర్యాద సంగతి తెలిసిందని. "ఆయ్, నిజవేనండీ."

"ప్రతి ఏడూనా?"

"ఒక్క ఏడు తప్పలేదండీ."

"చేపలు సరిగ్గా పడని ఏడు ఏం చేస్తారు?"

"అదేం మాటండీ! పడకపోతే ముదినేపల్లి సంతలో కొనైనా తెత్తావండీ. స్టేషనుకి గంప రాకపోతే మా మాట ఏవవుద్దండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒక ముసలామె, కొన్న ఏడు గంప ఇంకా పెద్దదే తెచ్చామని గుర్తు చేసింది. నేను మాత్రం ఆయన కాగితం వైపే చూస్తున్నాను. ఆఫీసరు గారు రాసుకుంటున్నది ఏమిటో నాకు కనిపిస్తోంది. ఏటా, తప్పకుండా, పంట పోయినా సరే ఇస్తారు. అలా ఇచ్చేదాన్ని కాగితం మీద కానుక అనరు. శిస్తు అంటారు. శిస్తు కట్టేవాడు ఆ భూమి తనది కాదని ఒప్పుకున్నట్టే.

"అది కానుకండీ," అన్నాను. "తుఫానులో సాయం చేసినందుకు..."

"మిమ్మల్ని అడిగినప్పుడు చెప్పండి," అన్నారు ఆఫీసరు గారు. నాంచారయ్య వైపు తిరిగి, "ఇచ్చేటప్పుడు ఏమని ఇస్తారు?" అన్నారు.

"తమరి గోతులే గదండీ, తమరు తిన్నాకే మేవు అని ఇత్తావండీ," అన్నాడు నాంచారయ్య. అని నా వైపు కొంచెం జాలిగా చూశాడు. నేనేదో మధ్యలో వచ్చి వాళ్ళ మర్యాద తక్కువ చేసి చెబుతున్నానని.

పెద మేస్టరు గారి మాట

అప్పుడు ఆఫీసరు గారు అనంతం గారిని పిలిచారు. ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఇలాంటి కుర్చీలో మీరూ ఏదో ఒకరోజు కూర్చుంటారు.

"స్టేషను సిబ్బంది జనం దగ్గర కానుకలు పుచ్చుకోకూడదని మీకు తెలుసు," అన్నారు ఆఫీసరు గారు నెమ్మదిగా. "అది కానుకయితే మీ మీద చర్య తీసుకోవాలి. రైల్వేకి రావలసిన వాటా అయితే, రైల్వే తరఫున మీరు పుచ్చుకున్నట్టు. దాన్ని పంచుకు తినడం చిన్న పొరపాటు, మందలించి వదిలెయ్యవచ్చు. ఏదంటారు?"

నాకు పని నేర్పింది అనంతం గారే. బండి వచ్చేటప్పుడు ఎక్కడ నిలబడాలో, డ్రైవరు మొహం చూసి ఇంజను సంగతి ఎలా తెలుసుకోవాలో, తప్పు చేస్తే ముందు బళ్ళు ఎలా ఆపాలో, ఆ తరవాత ఎలా బాధపడాలో. ఆయన కింద పని చేసినవాడు ఎక్కడికెళ్ళినా నెగ్గుకొచ్చేవాడు. ఆయన రిటైరుమెంటు దగ్గరపడింది. వసారాలో ఉన్న ప్రతి మనిషినీ పేరుతో పిలవగలరు.

ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "వాటాయేనండీ," అన్నారు.

నాంచారయ్య సంతోషంగా తలూపాడు. పెద మేస్టరు గారు తమ తరఫున మాట్లాడుతున్నారనుకున్నాడు. పేటంతా కూడా అలాగే అనుకుంది. ఒక్క పెద్దింట్లు మాత్రం అనంతం గారి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది.

తరవాత నా వంతు. కానుకే అన్నాను. అయితే కానుక పుచ్చుకున్నానని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అదేదో పెద్ద ధైర్యమని చెప్పుకోను. పెళ్ళి కాలేదు, ఇల్లు లేదు, నా దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదు. దేవసహాయం కూడా కానుకేనని వేలిముద్ర వేశాడు. ఆఫీసరు గారు నా కాగితం చదివి, నా పేరు చూసి, మొదటిసారి నవ్వారు.

"గూడబాతుల రిపోర్టు రాసింది మీరే కదూ?"

అంతే. ఆ కాగితాన్ని కట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టారు.

ఆయన ట్రాలీ వెళ్ళాక అనంతం గారూ నేనూ బెంచీ మీద కూర్చున్నాం.

"తిట్టుకోవయ్యా," అన్నారు.

"లేదండీ."

"నువ్వు తిట్టుకోకపోతే నాకు మరీ కష్టంగా ఉంటుంది."

"అయితే తిట్టుకుంటున్నానండీ."

"ఊ," అన్నారు. "నేను కానుకే అని ఉంటే మాత్రం గోతులు దక్కేవా?" అన్నారు.

దక్కేవని నేనూ చెప్పలేను. చట్టానికి దారులు చాలా ఉంటాయి. ఒకటి మూస్తే ఇంకోటి దొరికేది. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి రాకుండా ఉంటే, నాంచారయ్య పోగొట్టుకునేది గోతులు మాత్రమే. చెడ్డ మాస్టరు ఊరికి చేసే హాని కొద్ది. మంచి మాస్టరు భయపడ్డ రోజున చేసే హాని ఎక్కువ. ఎందుకంటే ఆయన మాట జనం నమ్ముతారు. నా సర్వీసంతా వెతికినా ఇంతకన్నా గట్టిగా నేర్చుకున్నది ఇంకోటి లేదు. ఇదేమీ తియ్యగా లేదు, తెలుసు.

టిక్కెట్లు

గోతులు వేలం వేశారు. ఏలూరు కంట్రాక్టరు పాడుకున్నాడు. గట్టు మీద పాక వేసి కర్రలు పట్టుకున్న మనుషుల్ని పెట్టాడు. ఆ ఎండాకాలం పేటలో మగవాళ్ళు కొందరు కామవరపుకోట వైపు రాళ్ళు కొట్టడానికీ, కొందరు అత్తిలి వైపు చేలల్లో పనికీ వెళ్ళిపోయారు. వల వెయ్యడం తప్ప ఇంకో పని తెలియని చేతులవి. పెద్దింట్లు మొగుడు కాలి మీద రాయి పడి కుంటుకుంటూ తిరిగొచ్చాడు. కంట్రాక్టరు పెద మేస్టరు గారింటికి చేపలు పంపించాడు. ఆయన తిప్పి పంపేశారు. అప్పటికి తిప్పి పంపి ఏం లాభం?

పేటవాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఎదురైతే తలపాగా సర్దుకుని, "దండాలండీ," అనే అనేవారు. కానీ టిక్కెట్ల కిటికీ దగ్గరకి రావడం మానేశారు. అంతకుముందు పొద్దుటి పాసింజరుకి ఆడవాళ్ళు చేపల గంపలతో బారులు తీరేవారు. బండి ఆగినంతసేపూ ఒకరి గంప ఒకరు ఎత్తుకుంటూ, గార్డుని అన్నయ్యా అని బతిమాలుతూ, గోల గోల. ఇప్పుడు వానలొచ్చి కొల్లేట్లో మళ్ళీ చేప పడుతున్నా, ఆ గంపలు దోనెల్లో కాలవ మీద ఏలూరు పోతున్నాయి. దోనె చేరేసరికి చేప మెత్తబడి ధర పడిపోతుంది. అయినా దోనె మీదే.

గిరాకీ లేని స్టేషన్ల మీద పైవాళ్ళ కన్ను పడింది. పక్కన రెండో లైను వేస్తే బళ్ళు ఎదురుపడే పని ఉండదు, ఎవరూ టిక్కెట్లు కొనని చోట స్టేషను దేనికి అన్నారు. పరజమెరక మూసేస్తారని తెలిసింది.

"నువ్వెళ్ళి చెప్పు," అన్నారు అనంతం గారు. "నీ మాట వింటారు. టిక్కెట్లు కొనమను, అందరూ కలిసి ఒక అర్జీ పెట్టమను. నేను వెళ్ళలేను."

వెళ్ళాను. నాంచారయ్య వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలుతో పీట తుడిచి వేశాడు. నేను విషయం చెప్పాను. స్టేషను మూస్తే మీ పెద్దలు పోసిన కట్ట మీద నుంచి బండి ఆగకుండా పోతుందన్నాను. ఆసుపత్రికి పోవాలన్నా, గంప అమ్మాలన్నా మీకే కష్టమన్నాను.

"కష్టవేనండీ," అన్నాడు.

"మరి నలుగురికీ చెప్పి టిక్కెట్లు కొనిపించవయ్యా. నిన్నటిది కాదు, ఇవాళ్టిది కాదు, ఇన్నేళ్ళ స్టేషను."

"మేవెవరవండీ కొనిపించడానికి?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే మెత్తదనం. "తమరి స్టేషను. ఉంచుకున్నా తమరే, తీసేసినా తమరే."

"పోనీ కోపం నా మీద తీర్చుకో, స్టేషను మీద కాదు."

"కోపం దేనికండీ? చిన మేస్టరు గారు మా కోసం కాయితం రాశారని దేవసాయం చెప్పాడు. తమరు పచ్చగా ఉండాలండీ."

లోపల నుంచి పెద్దింట్లు వచ్చింది. ఇదివరకటి గొంతు కాదు. ఎవరూ ఆపకపోయినా చిన్నగా మాట్లాడింది.

"ఒక్కమాట అడుగుతానండీ, ఏవనుకోకండి. గంప ఇత్తే గోతులు మీవన్నారు. రేపు టిక్కెట్టు కొంటే, ఆ టిక్కెట్టు సూపించి మా ఇళ్ళు కూడా మీవేనంటారేవో, మాకేం తెలుసండీ?"

"అలా ఎందుకంటారమ్మా?"

"గంపప్పుడు అంటారని మీకు తెలుసాండీ?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"మీకే తెలవకపోతే మాకెలా తెలుస్తాదండీ? అందుకే ఏదీ ఇవ్వకుండా ఉంటన్నావండీ. అదొక్కటే మా చేతుల్లో ఉంది."

తిరిగి వచ్చేటప్పుడు నాంచారయ్య గట్టు దాకా సాగనంపాడు. అతని మర్యాదలో ఏ లోటూ లేదు.

కాలవ మీద

స్టేషను మూసేశారు. బోర్డు పీకారు, కుర్చీలూ బల్లలూ లెక్కపెట్టి తీసుకెళ్ళారు. అనంతం గారు అప్పటికే రిటైరై వెళ్ళిపోయారు. దేవసహాయాన్ని వేరే చోటికి వేశారు. నేను చివరి మనిషిని. నా కోసం గూడ్సు ఆపుతామన్నారు. ట్రంకు పెట్టె మీద కూర్చుని చూశాను. గూడ్సు వచ్చింది, ఆగలేదు. ఆపమన్న కబురు అందలేదో, అంది మరిచిపోయారో. గార్డు నాకు చెయ్యి ఊపాడు. పాసింజరూ అంతే. బండి కిటికీల్లోంచి జనం, వీడెవడా అన్నట్టు చూశారు. స్టేషను మాస్టరుగా పని చేసినవాడు రైలెక్కలేక సామాను పక్కన నిలబడితే ఎలా ఉంటుందో నన్నడగండి.

పెట్టె భుజాన వేసుకుని కట్ట దిగి కాలవ గట్టుకి నడిచాను. పేటవాళ్ళ దోనె బయలుదేరబోతోంది. నాంచారయ్య గెడ పట్టుకుని ఉన్నాడు. గంపల మధ్య పెద్దింట్లు కూర్చుంది.

"ఏలూరు దాకా చోటుందా?" అన్నాను.

"రండి చిన మేస్టరు గారూ," అన్నాడు నాంచారయ్య. పెట్టె అందుకున్నాడు. పెద్దింట్లు గంపలు పక్కకి జరిపి చోటు చేసింది. ఒకప్పుడు ఆ పేటలో నేను మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చేవారు. ఏమైనా ఇవ్వబోతే చెవులు మూసుకునేవారు.

ఆ అలవాటుకొద్దీనే, తీసుకోరన్న ధైర్యంతో, "కూలి ఎంతివ్వమంటారు?" అన్నాను.

నాంచారయ్య అవతలి గట్టు వైపు మొహం తిప్పుకుని గెడ వేశాడు. పెద్దింట్లు చెయ్యి చాపింది.

"అందరిచ్చేదే ఇవ్వండి. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు."

ఇచ్చాను. లెక్క చూసుకుని కొంగున ముడేసుకుంది.